చైనా పటాన్ని గీసిన మంచూ చక్రవర్తి

చైనా పటంలో పడమటి కొసన ఉన్న షిన్‌జియాంగ్ ఆ దేశ విస్తీర్ణంలో ఆరో వంతు. చైనీస్ భాషలో ఆ పేరుకు అర్థం కొత్త సరిహద్దు. ప్రాచీన కాలం నుంచీ అది చైనాలో విడదీయరాని భాగమేనని బీజింగ్ ప్రభుత్వం శ్వేతపత్రాల్లో చెబుతూ వస్తోంది. పేరు చెప్పే కథ మాత్రం వేరు. హాన్, తాంగ్ వంశాల కాలంలో ఆ ఎడారి దారుల వెంట చైనా సైనిక స్థావరాలు ఉండేవి, నిజమే. 8వ శతాబ్దంలో తాంగ్ సేనలు వెనుదిరిగాక దాదాపు వెయ్యేళ్ల పాటు అక్కడ చైనా రాజధాని నుంచి స్థిరమైన పాలన సాగలేదు. ఆ నేలను మళ్లీ గెలిచి, కొత్త సరిహద్దు అన్న పేరు వాడుకలోకి రావడానికి కారణమైనవాడు చింగ్ వంశపు చక్రవర్తి చియన్‌లాంగ్.

ఆయన హాన్ చైనీయుడు కాదు, మంచూ జాతివాడు. నేటి చైనా జాతీయవాదం తనదిగా చెప్పుకునే పటంలో పడమటి సగాన్ని స్థిరపరిచింది ఈ పరజాతి రాజవంశమే. లద్దాఖ్‌కు అవతలివైపు, అరుణాచల్‌ప్రదేశ్‌కు ఉత్తరాన నేడు భారత సైన్యానికి ఎదురుగా చైనా సైన్యం ఎందుకుందో అర్థం కావాలంటే, 1950కి రెండు వందల ఏళ్లు వెనక్కి, ఈ చక్రవర్తి జీవితంలోకి వెళ్లాలి.

తాత ఎంచిన మనవడు

చియన్‌లాంగ్ అసలు పేరు హోంగ్‌లీ. 1711 సెప్టెంబర్ 25న పుట్టాడు. అప్పటికి చైనాను మంచూలు ఏలడం మొదలై 67 ఏళ్లయింది. చైనా మహాకుడ్యానికి ఈశాన్యాన ఉన్న అడవుల్లో, మైదానాల్లో మంచూ తెగలను నుర్‌హాచీ అనే నాయకుడు ఏకం చేశాడు. ఆయన వారసులు 1636లో చింగ్ అనే పేరుతో రాజ్యాన్ని ప్రకటించుకున్నారు. 1644లో రైతు తిరుగుబాటుతో మింగ్ వంశం కూలిన అదను చూసి బీజింగ్‌లో అడుగుపెట్టారు. పాలకులైన మంచూలు దేశ జనాభాలో రెండు శాతం కూడా లేరు. ఎనిమిది జెండాల కింద కట్టిన ధ్వజ దళాలే వారి బలం. తలముందు భాగం గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలన్న మంచూ ఆచారాన్ని వారు హాన్ మగవాళ్లందరి మీదా రుద్దారు. కాదన్నవాళ్ల తలలు తెగాయి.

హోంగ్‌లీ తాత కాంగ్షీ చక్రవర్తి. 1683లో తైవాన్‌ను రాజ్యంలో కలిపాడు. 1689లో నెర్చిన్స్క్ ఒప్పందంతో రష్యాను తూర్పున నిలువరించాడు. 1691లో ఖల్ఖా మంగోలులను లొంగదీసుకున్నాడు. 1720లో ఆయన సైన్యం లాసాలో అడుగుపెట్టింది. 1722లో ఆ తాత దృష్టి పదకొండేళ్ల మనవడి మీద పడింది. అతన్ని రాజప్రాసాదానికి తెచ్చుకుని, వేటకు వెంటబెట్టుకెళ్లాడు. అదే ఏడాది చివర కన్నుమూశాడు. తాత దగ్గర గడిపిన ఆ కొద్ది నెలలను చియన్‌లాంగ్ జీవితమంతా తలుచుకున్నాడు. వేటలో, యుద్ధంలో, చివరికి ఎన్నేళ్లు ఏలాలన్న విషయంలోనూ ఆయనకు కొలబద్ద తాతే.

తండ్రి యోంగ్‌జెంగ్ కఠినమైన పాలనాదక్షుడు. ఖజానాను సరిదిద్దాడు, పన్నుల్లో లొసుగులు మూశాడు. కొడుకుల మధ్య కుమ్ములాటలు రాకుండా వారసుడి పేరు కాగితం మీద రాసి, పెట్టెలో పెట్టి, ప్రాసాదంలోని ఒక ఫలకం వెనక దాచాడు. 1735 అక్టోబర్‌లో ఆయన హఠాత్తుగా చనిపోయాడు. పెట్టె తెరిస్తే అందులో ఉన్నది హోంగ్‌లీ పేరు. 24 ఏళ్ల యువకుడికి నిండు ఖజానా, క్రమశిక్షణ ఉన్న అధికార యంత్రాంగం, యుద్ధాలకు అలవాటుపడిన సైన్యం చేతికందాయి. 1736 నుంచి ఆయన శకానికి చియన్‌లాంగ్ అని పేరు పెట్టారు. చరిత్రలో ఆ పేరే ఆయనకు నిలిచింది.

తొలి పదేళ్లు మెతకగా, పండితుల సలహా వింటూ సాగాయి. 1748లో మార్పు వచ్చింది. ఆ ఏడాది ప్రయాణంలో ఉండగా ఆయన ప్రాణంగా చూసుకున్న పట్టపురాణి చనిపోయింది. మృతాశౌచం ముగియకముందే తల గొరిగించుకున్నారని ఎందరో అధికారులను శిక్షించాడు. సరిగ్గా అప్పుడే సిచువాన్ కొండల్లోని జిన్‌చువాన్ అనే చిన్న ప్రాంతంలో టిబెటన్ తెగల నాయకుల మీద జరుగుతున్న యుద్ధం ముందుకు కదలడం లేదు. దాన్ని నడిపిన ఇద్దరు ఉన్నతాధికారులకు మరణశిక్ష వేశాడు. ఓటమి కబురు తెచ్చే సేనాపతికి తల మిగలదని అందరికీ తెలిసిపోయింది. ఆ భయం తర్వాతి యుద్ధాల్లో గెలుపులకు ఎంత దోహదం చేసిందో, అబద్ధపు నివేదికలకూ అంతే దోహదం చేసింది.

ఒక జాతి అంతం

చింగ్ రాజ్యానికి అసలు పోటీ పడమటి స్టెప్పీ మైదానాల్లో ఉండేది. ఇలీ లోయ కేంద్రంగా జుంగార్లనే పశ్చిమ మంగోలులు బలమైన రాజ్యం కట్టుకున్నారు. వారు టిబెట్ బౌద్ధాన్ని పాటించేవారు, దలైలామా పేరు మీద మంగోలులందరినీ ఏకం చేయగలిగేవారు. ఫిరంగులు పోయించారు, తారిమ్ ఎడారి అంచున ఉన్న కాష్గర్, యార్కండ్ పట్టణాల నుంచి కప్పం వసూలు చేసేవారు. కాంగ్షీ, యోంగ్‌జెంగ్ ఇద్దరూ వారితో పోరాడారు గానీ ఆ రాజ్యాన్ని మట్టుబెట్టలేకపోయారు. అడ్డం వచ్చింది ధైర్యం కాదు, దాణా. గడ్డి మైదానంలోకి వెళ్లిన చైనా సేన వెంట తీసుకెళ్లిన తిండి అయిపోగానే వెనక్కి రావాల్సి వచ్చేది.

చియన్‌లాంగ్ కాలానికి ఆ ఇబ్బంది తీరింది. వ్యాపారం బాగా పెరిగిన చైనాలో ధాన్యం, వెండి, గుర్రాలు పడమటికి తరలించడం సాధ్యమైంది. గాన్సు దారి పొడవునా గిడ్డంగులు వెలిశాయి. మరోవైపు 1727 నాటి క్యాఖ్తా ఒప్పందం రష్యాకు చైనాతో వ్యాపారం దక్కేలా చేసి, జుంగార్లకు రష్యా సాయం అందకుండా చూసింది. రెండు సామ్రాజ్యాలు కలిసి సరిహద్దు గీసుకుంటే వాటి నడుమ సంచార జాతులకు తప్పించుకునే చోటు మిగలలేదు.

1745లో జుంగార్ పాలకుడు చనిపోయాక వారసుల మధ్య కలహాలు రేగాయి. పోటీలో ఓడిన అముర్సనా అనే నాయకుడు 1754లో చింగ్ శరణు కోరాడు. యుద్ధం వద్దని ఎక్కువమంది మంత్రులు చెప్పినా చియన్‌లాంగ్ వినలేదు. 1755 వసంతంలో బయలుదేరిన సేన పెద్దగా పోరాటం లేకుండానే ఇలీని పట్టుకుంది. జుంగార్లను నాలుగు ముక్కలు చేసి నలుగురు ఖాన్‌ల కింద ఉంచాలని చక్రవర్తి అనుకున్నాడు. మొత్తానికీ తానే ఖాన్ కావాలని అముర్సనా ఆశపడ్డాడు. కొద్ది నెలల్లోనే తిరగబడ్డాడు.

దీన్ని చియన్‌లాంగ్ నమ్మకద్రోహంగా తీసుకున్నాడు. ఈసారి ఆయన ఇచ్చిన ఆజ్ఞలు గెలుపు కోసం కావు, నిర్మూలన కోసం. ఆయుధం పట్టగల మగవారిని చంపాలి, స్త్రీలను, పిల్లలను ఇతరులకు బానిసలుగా పంచాలి. లొంగిపోయినవారి పట్ల మెతకగా ఉన్న సేనాపతులను మందలించాడు. మశూచి కూడా అదే సమయంలో విజృంభించింది. అముర్సనా రష్యా గడ్డ మీదికి పారిపోయి 1757లో ఆ రోగంతోనే చనిపోయాడు. శవాన్నైనా అప్పగించమని చింగ్ ప్రభుత్వం పట్టుబట్టింది. రష్యా అధికారులు అప్పగించలేదు, చూసి నిర్ధారించుకోనిచ్చారు.

సుమారు 6 లక్షలని చరిత్రకారులు అంచనా వేసే జుంగార్ జనాభాలో పదిమందికి నలుగురు మశూచితో పోయారని, ముగ్గురు సైన్యం చేతిలో హతమయ్యారని, ఇద్దరు రష్యా, కజఖ్ ప్రాంతాలకు పారిపోయారని 19వ శతాబ్దపు చైనా పండితుడు వే యువాన్ లెక్కకట్టాడు. జుంగార్ అన్న పేరునే వాడుక నుంచి తప్పించే ప్రయత్నం జరిగింది. 18వ శతాబ్దపు అతిపెద్ద జాతి నిర్మూలనల్లో ఒకటిగా నేడు చాలామంది చరిత్రకారులు దీన్ని చూస్తున్నారు.

కొత్త సరిహద్దు ఎలా నడిచింది

జుంగార్ల కింద ఉన్న తారిమ్ పట్టణాల్లోని ముస్లింలు కూడా చింగ్ పాలనను ఒప్పుకోలేదు. ఖోజా సోదరులిద్దరు నాయకత్వం వహించారు. 1758 చలికాలంలో యార్కండ్ దగ్గర చింగ్ సేనాపతి జావోహుయ్ మూడు నెలల పాటు ముట్టడిలో చిక్కుకున్నాడు. అదనపు సేన వచ్చి అతన్ని విడిపించింది. 1759 నాటికి కాష్గర్, యార్కండ్ లొంగిపోయాయి. బదఖ్షాన్‌కు పారిపోయిన ఖోజాలను అక్కడి పాలకుడు చంపించాడు. పామీర్ కొండల దాకా చింగ్ అధికారం విస్తరించింది.

సేనల వెంటే కొలతగాళ్లూ వెళ్లారు. ఆస్థానంలోని జెసూట్ పాదరీలు గెలిచిన ప్రాంతాల అక్షాంశ రేఖాంశాలు కొలిచారు. తాత కాలంలో తయారైన సామ్రాజ్య పటానికి ఈ కొత్త నేలలు చేర్చి రాగి రేకుల మీద చెక్కించారు. యుద్ధ దృశ్యాల చిత్రాలను పారిస్ పంపి అక్కడ రాగి ఫలకాలు చేయించారు. సైన్యం గెలిచినదాన్ని పటంలో, చిత్రంలో, శిలాశాసనంలో నిలబెట్టడం కూడా విజయంలో భాగమేనని చియన్‌లాంగ్‌కు బాగా తెలుసు.

1762లో ఇలీలో సైనిక గవర్నరును నియమించాడు. ఉత్తరాన జుంగార్లు పోయి ఖాళీ అయిన నేలను నింపడానికి దక్షిణం నుంచి ముస్లిం రైతులను, లోపలి చైనా నుంచి హాన్, హుయ్ జనాన్ని, మంచూరియా నుంచి సిబె సైనికుల కుటుంబాలను తెచ్చి పెట్టారు. ఆ సిబెల వారసులు నేటికీ ఇలీ లోయలో ఉన్నారు. 1771లో వోల్గా నది ఒడ్డు నుంచి తోర్గుత్ మంగోలులు రష్యా ఒత్తిడి భరించలేక వెనక్కి బయలుదేరారు. లక్షన్నరకు పైగా బయలుదేరితే సగం కంటే తక్కువమంది ప్రాణాలతో చేరారు. చియన్‌లాంగ్ వారికి పశువులు, నేల ఇచ్చి ఆదుకున్నాడు. ఖాళీ చేయించింది ఆయనే, నింపిందీ ఆయనే.

దక్షిణాన వీగర్ పట్టణాల్లో మాత్రం స్థానిక బేగ్‌ల చేతికే రోజువారీ పాలన అప్పగించాడు. మత నియమాలు, న్యాయం చాలావరకు వారివే. తలముందు భాగం గొరిగించుకోవాలన్న నియమం అక్కడి సామాన్య ప్రజలకు వర్తించలేదు. హాన్ జనం అక్కడికి వెళ్లి స్థిరపడడం మీద ఆంక్షలు ఉండేవి. ఆయన అంతఃపురంలో ఒక వీగర్ రాణి ఉండేది. అయితే ఈ ఉదారత లొంగి ఉన్నంత వరకే. 1765లో ఉష్ అనే పట్టణం అధికారుల అకృత్యాలు భరించలేక తిరగబడింది. నెలల ముట్టడి తర్వాత పట్టణంలోని మగవారిని చంపి, మిగిలినవారిని బానిసలుగా తరలించారు.

ఈ సరిహద్దు తన ఖర్చు తాను ఎప్పుడూ భరించలేదు. సైనికుల జీతాల కోసం ఏటా లోపలి రాష్ట్రాల నుంచి వెండి పంపాల్సి వచ్చేది. అంత ఖర్చు ఎందుకన్న పండితులకు చక్రవర్తి చెప్పిన సమాధానం సూటిగా ఉండేది. మంగోలుల భయంతో ఉత్తర సరిహద్దులో పెట్టే సైన్యం ఖర్చు తగ్గింది కదా అని ఆయన వాదన.

లాసా నుంచి ఖాట్మండూ దాకా

మంగోలులను అదుపులో పెట్టాలంటే వారి గురువులైన లామాలను ఆదరించాలని చింగ్ పాలకులు ముందే గ్రహించారు. బీజింగ్‌లో తన తండ్రి రాకుమారుడిగా ఉన్నప్పటి భవనాన్ని 1744లో చియన్‌లాంగ్ లామాల మఠంగా మార్చాడు. మంగోలు, టిబెటన్ భాషలు నేర్చుకున్నాడు. చెంగ్దెలోని వేసవి విడిది పక్కన లాసాలోని పోతాలా నమూనాలో ఒక ఆలయం, షిగాచె దగ్గరి తాషిల్హున్పో మఠం నమూనాలో ఇంకొకటి కట్టించాడు. బౌద్ధ చిత్రాల్లో తనను మంజుశ్రీ అవతారంగా గీయించుకున్నాడు. హాన్ పండితుల ముందు కన్ఫ్యూషియన్ రుషి, మంగోలుల ముందు ఖాన్, టిబెట్ ముందు బోధిసత్వుడు. ఒకే మనిషి ఒక్కో జాతికి ఒక్కో రూపంలో కనిపించడం ఆయన పాలనకు ఆయువుపట్టు.

1750లో లాసాలో చింగ్ ప్రతినిధులైన ఇద్దరు అంబన్‌లు అక్కడి పాలకుణ్ని చంపించారు. ఆగ్రహించిన జనం ఆ అంబన్‌లిద్దర్నీ చంపారు. మరుసటి ఏడాది చియన్‌లాంగ్ వ్యవస్థను మార్చాడు. ఏడో దలైలామాకు లౌకిక పాలనాధికారం ఇచ్చి, నలుగురు మంత్రులతో కషాగ్ అనే మండలిని ఏర్పరిచాడు. అంబన్‌ల కింద సైనిక దళం ఉంచాడు. దలైలామా చేతిలోని రాజ్యాధికారాన్ని ఖరారు చేసింది ఒక చింగ్ చక్రవర్తి కావడం, దాని వెనక తన సైనికులను కాపలా పెట్టడం నేటి వాదోపవాదాలకు కూడా మూలం.

1780లో చక్రవర్తి 70వ జన్మదిన వేడుకలకు పంచెన్ లామా చెంగ్దె వెళ్లాడు. కొన్నేళ్ల క్రితమే వారన్ హేస్టింగ్స్ పంపిన జార్జ్ బోగల్ అనే దూత ఈ లామాను కలిసి, కంపెనీ వ్యాపారం కోసం మాట సాయం అడిగి ఉన్నాడు. ఆ ఆశ తీరకుండానే పంచెన్ లామా బీజింగ్‌లో మశూచితో చనిపోయాడు. ఆయనకు కానుకలుగా వచ్చిన అపారమైన బంగారం, వెండి పంపకాల్లో గొడవలొచ్చాయి. వాటా దక్కని బంధువు షామర్ లామా నేపాల్ చేరాడు. అప్పటికే టిబెట్‌లో చెలామణి అయ్యే నేపాల్ నాణేల్లో వెండి తగ్గిందన్న తగాదా నడుస్తోంది. 1788లో గూర్ఖాలు టిబెట్ మీద దండెత్తారు. ఏటా సొమ్ము చెల్లిస్తామన్న ఒప్పందంతో వెనుదిరిగారు. ఆ సొమ్ము సరిగా అందకపోవడంతో 1791లో మళ్లీ వచ్చి తాషిల్హున్పో మఠాన్ని దోచుకున్నారు.

అప్పటికి చియన్‌లాంగ్ వయసు 80 ఏళ్లు. ఆయన పంపిన సేనాపతి ఫుకాంగాన్ చలికాలంలో టిబెట్ పీఠభూమిని దాటి, 1792లో హిమాలయ కనుమల గుండా దిగి ఖాట్మండూ లోయకు చేరువలోకి వచ్చాడు. చివరి పోరులో చింగ్ సేనకు కూడా గట్టి దెబ్బలే తగిలాయి. మంచు పడకముందే వెనుదిరగాలన్న తొందర ఒకవైపు, రాజధాని పోతుందన్న భయం ఇంకోవైపు. సంధి కుదిరింది. ఐదేళ్లకోసారి బీజింగ్‌కు కానుకలతో దూతలను పంపడానికి నేపాల్ ఒప్పుకుంది. ఆ ఆనవాయితీ 20వ శతాబ్దం మొదటి దశకం వరకు సాగింది. గూర్ఖాలు సాయం అడిగిన ఈస్టిండియా కంపెనీ సైన్యం పంపలేదు. కార్న్‌వాలిస్ మధ్యవర్తిత్వానికి పంపిన కిర్క్‌పాట్రిక్ ఖాట్మండూ చేరేసరికి యుద్ధమే ముగిసిపోయింది.

ఆ విజయం తర్వాత 1793లో టిబెట్ పాలనకు 29 నిబంధనలు వచ్చాయి. వాటిలో ఒకటి బంగారు కలశం. పెద్ద లామాల పునర్జన్మలను గుర్తించేటప్పుడు బాలుర పేర్లు రాసిన చీటీలు కలశంలో వేసి, అంబన్ సమక్షంలో ఒకటి తీయాలి. లామాల పదవులు కొన్ని కుటుంబాల సొత్తుగా మారాయని, ఎంపికలో అక్రమాలు జరుగుతున్నాయని ఆయన ఆరోపణ. ఆ విమర్శను నాలుగు భాషల్లో చెక్కించి బీజింగ్ మఠంలో నిలిపాడు. టిబెటన్లు ఆ కలశాన్ని కొన్నిసార్లు వాడారు, కొన్నిసార్లు పక్కన పెట్టారు. ఇప్పుడున్న 14వ దలైలామా ఎంపికలో దాన్ని వాడలేదు. 1995లో పంచెన్ లామా ఎంపికకు మాత్రం బీజింగ్ ప్రభుత్వం అదే కలశాన్ని బయటికి తీసింది.

పది విజయాల లెక్క

తన పాలనలో పది మహావిజయాలు సాధించానని చియన్‌లాంగ్ 1792లో స్వయంగా రాసుకున్నాడు. ఆ లెక్క విప్పి చూస్తే వేరుగా ఉంటుంది. జుంగార్ల మీద రెండు, తారిమ్ ముస్లింల మీద ఒకటి, జిన్‌చువాన్‌లో రెండు, తైవాన్ తిరుగుబాటు, గూర్ఖాల మీద రెండు. మిగిలిన రెండూ బర్మా, వియత్నాం.

బర్మా మీద 1765 నుంచి 1769 వరకు నాలుగుసార్లు దాడి చేశారు. బర్మా సేన అదే సమయంలో సయాం రాజధాని అయుత్థయను పట్టుకుంటూ కూడా చింగ్ సేనలను తిప్పికొట్టింది. చక్రవర్తి బంధువైన సేనాపతి మింగ్‌రుయ్ అక్కడే ప్రాణాలు వదిలాడు. మలేరియా వేలమందిని మింగింది. వియత్నాంలో 1788లో హనోయ్‌ను పట్టుకున్న సేన, 1789 కొత్త సంవత్సరం పండగ సమయంలో క్వాంగ్ చుంగ్ మెరుపుదాడికి చెల్లాచెదురైంది. ఓడించిన ఆ రాజునే చియన్‌లాంగ్ గుర్తించి గౌరవించాడు. మరుసటి ఏడాది ఆయన జన్మదిన వేడుకలకు ఆ రాజు పేరుతో ఒక బృందం వచ్చింది. వచ్చినవాడు రాజు కాదు, వేషధారి అన్న మాట అప్పటి నుంచీ ఉంది. ఓటమిని విజయంగా రాసుకోవడానికి ఇరుపక్షాలకూ అది సరిపోయింది.

ఖర్చూ తక్కువ కాదు. 1771 నుంచి 1776 వరకు సాగిన రెండో జిన్‌చువాన్ యుద్ధానికి ఆరు కోట్ల లియాంగ్‌లకు పైగా వెండి ఖర్చయింది. ఒక లియాంగ్ అంటే మూడు తులాల పైమాట. విశాలమైన షిన్‌జియాంగ్‌ను గెలవడానికైన దానికి ఇది దాదాపు రెట్టింపు. ఏ కొండ తెగనూ వదలకూడదన్న పట్టుదల ఖజానాను తొలిచింది.

మాటల మీదా ఆయనది యుద్ధమే. దేశంలోని గ్రంథాలన్నిటినీ సేకరించి ఒక మహాసంకలనం చేయించాడు. దాదాపు 3,500 గ్రంథాలు, 36 వేలకు పైగా సంపుటాలు. ఆ సేకరణ సాకుతోనే మంచూలను కించపరిచాయని భావించిన 3 వేల వరకు గ్రంథాలను నిషేధించి, కాల్పించాడు. ఒక్క పద్యపాదంలో ధిక్కారం ధ్వనించిందన్న అనుమానం కుటుంబాలను బలి తీసుకుంది. ఆయన స్వయంగా 40 వేలకు పైగా పద్యాలు రాసినవాడు. మంచూ, టిబెటన్, మంగోలు, వీగర్, చైనీస్ భాషలకు కలిపి నిఘంటువు తయారైందీ ఆయన కాలంలోనే.

తలుపు తట్టిన మరో సామ్రాజ్యం

1793 సెప్టెంబర్‌లో చెంగ్దెలో చియన్‌లాంగ్ ముందు బ్రిటిష్ రాయబారి జార్జ్ మెకార్ట్నీ నిలబడ్డాడు. ఈయన అంతకుముందు 1781 నుంచి 1785 వరకు మద్రాసు గవర్నరు. అప్పటికే కంపెనీ అధీనంలో ఉన్న కోస్తా తెలుగు జిల్లాలు కూడా ఆయన పాలన కిందివే. కాంటన్ ఒక్కటే కాక మరిన్ని రేవులు తెరవాలని, బీజింగ్‌లో శాశ్వత రాయబారిని ఉండనివ్వాలని, సరుకు దించుకోవడానికి ఒక దీవి ఇవ్వాలని కోరాడు. చియన్‌లాంగ్ అన్నిటినీ తిరస్కరించాడు.

మెకార్ట్నీ సాష్టాంగ నమస్కారం చేయలేదన్న కథే ఎక్కువ ప్రచారమైంది. బయటి ప్రపంచం తెలియని ముసలి రాజు అహంకారంగా దాన్ని చెప్పుకున్నారు. వాస్తవం అంత తేలిక కాదు. బెంగాల్‌ను ఏలుతున్నది ఈ బ్రిటిష్ వారేనని, హిమాలయాల అవతల వారి అడుగుల చప్పుడు వినిపిస్తోందని చింగ్ ఆస్థానానికి అనుమానం ఉంది. నేపాల్ యుద్ధంలో కంపెనీ పాత్ర గురించి మెకార్ట్నీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ బృందం తిరిగి వెళుతుండగా తీరంలో కాపలా పెంచమని చక్రవర్తి ఆజ్ఞలు పంపాడు. సామ్రాజ్యాలు ఎలా పెరుగుతాయో తెలిసినవాడికి, ఒక దీవి అడగడం ఎందుకో తెలియకపోదు.

అయితే ఆయన బలమంతా గుర్రాల మీద, స్టెప్పీ వైపు చూస్తూ పెరిగింది. అపాయం ఓడల్లో వచ్చింది. ఆయన చనిపోయిన 40 ఏళ్లకు, బెంగాల్, బీహార్ పొలాల్లో పండిన నల్లమందు కోసం బ్రిటన్ చైనా మీద యుద్ధానికి దిగింది. ఆ యుద్ధంలో కాంటన్ దగ్గర పోరాడినవారిలో మద్రాసు సిపాయిలూ ఉన్నారు.

పటం మిగిలింది

తాత 61 ఏళ్లు ఏలాడు, ఆయన్ను మించకూడదని చియన్‌లాంగ్ 1796లో సింహాసనం కొడుక్కి అప్పగించాడు. అధికారం మాత్రం చివరిదాకా వదల్లేదు. చివరి ఇరవై ఏళ్లలో హెషన్ అనే అంతరంగికుడు ఆయన పేరు మీద అంతులేని సొమ్ము కూడబెట్టాడు. జనాభా 30 కోట్లకు చేరింది, సాగునేల ఆ వేగంతో పెరగలేదు. దిగిపోయిన ఏడాదే శ్వేతపద్మ తిరుగుబాటు రాజుకుంది. దాన్ని అణచడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1799 ఫిబ్రవరి 7న, 87 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. నెల తిరక్కుండానే హెషన్‌కు కొత్త చక్రవర్తి మరణశిక్ష వేశాడు. ఉరితాడుగా పట్టుగుడ్డ పంపి, తనంతట తాను చనిపోమన్నాడు.

1912లో చింగ్ వంశం దిగిపోయింది. మంచూలను తరిమేయాలంటూ విప్లవం మొదలుపెట్టినవారే, మంచూలు గెలిచిన నేలంతా తమ గణతంత్రానిదేనన్నారు. హాన్, మంచూ, మంగోల్, హుయ్, టిబెటన్ అనే ఐదు జాతుల దేశమని ప్రకటించారు. మంగోలియా చేజారింది. టిబెట్ 1913లో తన స్వాతంత్ర్యాన్ని చాటుకుని, 1950లో చైనా సైన్యం వచ్చేదాకా తన పాలన తాను చేసుకుంది. షిన్‌జియాంగ్‌లోకి కమ్యూనిస్టు సేనలు 1949లో అడుగుపెట్టాయి. 1957లో షిన్‌జియాంగ్‌ను టిబెట్‌తో కలుపుతూ అక్సాయ్ చిన్ మీదుగా చైనా ఒక రోడ్డు పూర్తిచేసింది. చియన్‌లాంగ్ వేర్వేరు పద్ధతుల్లో పాలించిన రెండు నేలలను ఆ రోడ్డు ఒకటి చేసింది. భారత్‌తో 1962 యుద్ధానికి దారితీసిన వివాదాల్లో అది ముఖ్యమైనది. అరుణాచల్ మీద చైనా వాదన కూడా టిబెట్ తమదన్న వాదన మీద నిలిచినదే. ఇవతలివైపు భారత్ చూపే మెక్‌మహాన్ రేఖ కూడా మరో సామ్రాజ్యం 1914లో గీసినదే. రెండు స్వతంత్ర దేశాలు తమవి కాని రెండు సామ్రాజ్యాల పటాలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డాయి.

పటాన్ని వారసత్వంగా తీసుకున్న నేటి చైనా, దాన్ని నిలిపి ఉంచిన పద్ధతిని తీసుకోలేదు. చియన్‌లాంగ్ మంచివాడు కాదు. జుంగార్ల ఎముకల మీద ఆయన సరిహద్దు లేచింది. కానీ గెలిచాక అక్కడివారు తన భాష మాట్లాడాలని, తనలా బతకాలని ఆయన పట్టుబట్టలేదు. సామ్రాజ్యానికి లొంగుబాటు చాలు. జాతి రాజ్యానికి అది చాలదు, అందరూ ఒకేలా ఉండాలి. 2017 నుంచి షిన్‌జియాంగ్‌లో లక్షలాది వీగర్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టిన తీరు, బడుల్లో చైనీస్ భాషను తప్పనిసరి చేసిన తీరు ఆ తేడాను చూపిస్తాయి. అక్కడ జరిగినవి మానవాళి మీద నేరాలు కావచ్చని 2022లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం పేర్కొంది. చైనా దాన్ని తోసిపుచ్చింది.

తన వారసుణ్ని గుర్తించే అధికారం తన సంస్థదేనని దలైలామా 2025 జులైలో ధర్మశాల నుంచి ప్రకటించాడు. ఎంపిక బంగారు కలశంతోనే జరగాలని, తమ ఆమోదం ఉండాలని బీజింగ్ బదులిచ్చింది. దేవుణ్నీ పునర్జన్మనూ నమ్మని పార్టీ తన హక్కుకు రుజువుగా చూపిస్తున్నది తనను తాను బోధిసత్వుడిగా గీయించుకున్న చక్రవర్తి నిబంధననే. ఆయన సమాధిని 1928లో ఒక యుద్ధప్రభువు సైనికులు పేల్చి, నగలన్నీ ఊడ్చుకెళ్లారు. లాసాలో ఆయన పెట్టించిన కలశం పేరు మీద హక్కుల తగవు ఇంకా తెగలేదు. అది ఎలా తెగుతుందన్నది టిబెట్‌కే కాదు, దలైలామాకు 1959 నుంచి ఆశ్రయమిస్తున్న భారత్‌కు కూడా సొంత సమస్యే.